కుడివైపు జేబులు

"నేను తొయ్యలేదు మేడమ్. నేను వచ్చేసరికే మాస్టారు కింద పడి ఉన్నారు."

పొద్దుటి నుంచి ఆ పిల్ల ఈ మాట ఎంతమందికి చెప్పిందో ఏమో, ఇప్పుడు చెబుతుంటే గొంతులో ఏడుపు కూడా మిగల్లేదు. స్టేషన్ వెనక గదిలో, ఒక కాలు పొట్టిదైన బల్లకు అటువైపు కూర్చుని ఉంది. కుడి అరచేతికి కట్టు, కట్టు మీద ఎండిన రక్తం. ఫొటోగ్రఫీ కోర్సు ఆఖరి సంవత్సరం చదువుతోంది. నిన్న సాయంత్రం దాకా, మ్యూజియంలో ఊరి చరిత్ర మీద ఫొటోల ప్రదర్శన పెడుతున్న విద్యార్థులకు తనే పెద్దదిక్కు. ఇవాళ, ఆ ప్రదర్శన పెట్టించిన ఫొటో మాస్టారిని మెట్ల మీంచి తోసి చంపిన కేసులో ముద్దాయి.

బల్లకు ఇటువైపు కూర్చున్నావిడను ఊళ్ళో అందరూ కూపీ మేడమ్ అంటారు. ఎదురుగా ఉంటే 'మేడమ్', వెనక్కి తిరిగితే 'కూపీ'. పాతికేళ్ళు పోలీసు శాఖలో చేసి, ఒకరోజు రాజీనామా కాగితం పై అధికారి బల్ల మీద విసిరికొట్టి వచ్చి, ఇంటి ముందుగదికి డిటెక్టివ్ అని బోర్డు తగిలించుకుంది. ఈ పిల్ల తల్లి తెల్లవారగానే వచ్చి ఆ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. తల్లి ఒక్కతే వచ్చింది. తండ్రి రాలేదు. ఆడపిల్ల లాకప్పులో ఉంటే ఇంటి మగమనిషి ఎక్కడున్నాడని అడిగితే, పనికెళ్ళాడని చెప్పి కొంగు నోట్లో కుక్కుకుంది.

"సాయంత్రం నిన్ను మేజిస్ట్రేట్ ముందు నిలబెడతారు. అక్కడికెళ్ళాక నేను చెయ్యగలిగేది తక్కువ. ఈలోపు నాకు నిజం కావాలి. నిన్న నువ్వూ మాస్టారూ అరుచుకోవడం విన్నానని మ్యూజియం గార్డు చెప్పాడు. మీ తాతయ్య పేరెత్తి అరిచావట."

"అరిచాను. కోపంతో కాదు మేడమ్, సంతోషంతో."

"సంతోషంతో అరిస్తే రాసుకునే పోలీసు ఇంకా పుట్టలేదు. మొదట్నుంచి చెప్పు."

పిల్ల కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుంది. "మా ప్రదర్శనకు మాస్టారు ఒక పద్ధతి పెట్టారు. మ్యూజియంలో ఉన్న పాత ఫొటో ఒకటి తీసుకోవాలి. అది తీసినాయన ఎక్కడ నిలబడి తీశాడో వెతికి, సరిగ్గా అక్కడే నిలబడి ఇప్పటి ఫొటో తియ్యాలి. రెండూ పక్కపక్కన పెట్టాలి. ఒక్కొక్కరికి ఒక్కో ఫొటో వచ్చింది. నేను అడిగి మరీ మిల్లు ఫొటో తీసుకున్నాను."

మిల్లు ఫొటో సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. నలభై ఏళ్ళ కిందట నూలు మిల్లులో నిప్పంటుకుంది. పదకొండు మంది కాలిపోయారు. మర్నాడు పొద్దున్న ఎవరో స్టూడియో ఆయన వీధిలోంచి తీసిన ఫొటో అది. మిల్లు గోడకు రెండు గేట్లు. ఎడమవైపుది కూలీల గేటు, తాళం వాచ్‌మన్ దగ్గర ఉండేది. కుడివైపుది ఆఫీసు గేటు, తాళం మేనేజరు దగ్గర ఉండేది. ఫొటోలో ఎడమవైపు గేటుకు గొలుసు, తాళం. వాచ్‌మన్ తాళం వేసి నిద్రపోయాడని, అందుకే పదకొండు ప్రాణాలు పోయాయని తేల్చారు. బతికి బయటపడ్డవాళ్ళు కాదు మొర్రో అన్నారు. ఫొటో అబద్ధం చెబుతుందా అని వాళ్ళ నోరు మూశారు. వాచ్‌మన్ జైలుకు పోయాడు. మేనేజరు మేడ కట్టుకుని, పోయేముందు మ్యూజియానికి విరాళమిచ్చాడు. ఇప్పుడు ఆయన కొడుకు ఆ మ్యూజియం కమిటీ చైర్మన్.

"వాచ్‌మన్ మా తాతయ్య. పోయేదాకా ఒకటే మాట, నా గేటు తీసే ఉందే తల్లీ అనేవాడు. నేను చిన్నదాన్ని, సరే తాతయ్యా అనేదాన్ని. బళ్ళో పిల్లలు నన్ను తాళం అని పిలిచేవాళ్ళు. మాస్టారు ఆ ఫొటో నీకెందుకమ్మా, ఇంకోటి తీసుకో అన్నారు. నాకు అదే కావాలన్నాను."

"తర్వాత?"

"ఎక్కడ నిలబడ్డా కుదర్లేదు మేడమ్. మిల్లు కూలిపోయినా పొగగొట్టం మొదలు ఇంకా ఉంది. పాత ఫొటోలో అది కుడిచివర, ఇటుకల కుప్పలా కనపడుతుంది. వీధిలో నిలబడి చూస్తే ఎడమవైపు ఉంది. వారం రోజులు తిరిగాను. నాకే రావట్లేదని ఏడ్చాను. నిన్న మాస్టారు భూతద్దం పెట్టి ఆ ఫొటోలో జనాన్ని చూశారు. చూసి నవ్వారు. వీళ్ళందరి చొక్కాల జేబులూ ఎటున్నాయో చూడమ్మా అన్నారు."

కూపీ మేడమ్ చెయ్యి తనకు తెలియకుండానే తన ఎడమ భుజం కిందికి పోయింది. పాతికేళ్ళు యూనిఫాం వేసుకున్న చెయ్యి అది.

"కుడివైపు," అంది పిల్ల. "అందరికీ కుడివైపే. ఒక సైకిలుంది, దాని చైను ఎడమవైపుంది. నెగెటివ్‌ను తిరగేసి ప్రింటు వేస్తే ఎడమది కుడికి, కుడిది ఎడమకి వస్తుంది. అంటే తాళం పడ్డది కుడివైపు గేటుకు. మేనేజరు గేటుకు. అప్పుడరిచాను మేడమ్. మా తాతయ్య వెయ్యలేదు, మా తాతయ్య వెయ్యలేదు అని అరిచాను. గార్డుకు వినపడింది అదే."

"పొరపాటున తిరగబడి ఉండొచ్చుగా?"

"మాస్టారూ అదే అన్నారు. ఫొటో చుట్టూ వెడల్పాటి అట్ట ఉంది. పైవైపు మరీ వెడల్పు. దాని కింద మిల్లు బోర్డు ఉండాలి. బోర్డు మీద అక్షరాలు తిరగబడి ఉంటే పిల్లాడికైనా తెలిసిపోతుంది. కావాలనే అట్టతో కప్పి ఉంటే అది పొరపాటు కాదు. రేపు ప్రారంభంలో అందరి ముందూ ఫ్రేము విప్పి చూపిద్దాం అన్నారు. మూసే వేళయింది, నన్ను కిందికెళ్ళి మిగతా ఫొటోలు సర్దమన్నారు. కాసేపటికి చప్పుడైంది. నేను వచ్చేసరికి..."

"వచ్చేసరికి ఎవరున్నారు?"

పిల్ల కిటికీ వైపు చూసింది. కిటికీలో చూడదగ్గదేమీ లేదు.

"నీ చేతికి గాజు ఎలా గుచ్చుకుంది?"

"మాస్టారి తల ఎత్తబోయాను."

"అప్పుడు అక్కడ ఇంకెవరున్నారని అడుగుతున్నాను."

"అమ్మ ఏమైనా తిన్నదా మేడమ్?" అంది పిల్ల.

కూపీ మేడమ్ లేచి నిలబడింది. అబద్ధం చెప్పేవాళ్ళను లొంగదీయడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. నోరు కుట్టేసుకున్నవాళ్ళ దగ్గరే ఆ విద్య పనిచెయ్యదు. ఈ వయసు పిల్ల నోరు కుట్టుకుందంటే ఎవరినో కాస్తోందని అర్థం. ఎవరినన్నది మ్యూజియం చెప్పాలి.

మ్యూజియం మేడమెట్ల దగ్గర ఇన్‌స్పెక్టర్ ముందే కాచుకుని ఉన్నాడు. ఒకప్పుడు ఆవిడ కింద ట్రైనీగా చేరినవాడు. రిపోర్టులో మొదటి వాక్యం ఎలా రాయాలో ఆవిడే నేర్పింది. గురువుకే పంగనామం పెట్టేవాళ్ళలో మొదటి వరస అతనిది.

"రండి మేడమ్, రండి. మీకోసమే మెట్లు కడగకుండా ఆపించాను. చైర్మన్ గారు రేపు ప్రారంభం ఆగకూడదంటున్నారు. మాస్టారి ఫొటోకు దండ వేసి మొదలుపెడతారట."

"చచ్చినవాడికి దండ వేసే తొందర, చంపినవాణ్ణి పట్టుకునే తొందర కన్నా ఎక్కువగా ఉందే."

"పట్టుకున్నాం కదా మేడమ్. తాత పరువు తీసిన ఫొటో. మనవరాలికి ఒళ్ళు మండింది. తీసెయ్యమంది, మాస్టారు కుదరదన్నాడు. ఫ్రేము లాక్కుంది, తోసింది, ఫొటో చించేసింది. చేతినిండా రక్తం. ఇంతకన్నా ఏం కావాలి? మీరు నేర్పిందే కదా, తేలిగ్గా ఉన్న దారే సాధారణంగా నిజమైన దారి అని."

"సాధారణంగా అని కూడా నేర్పాను. అది మర్చిపోయినట్టున్నావు."

ఆవిడ మెట్ల కింద వంగింది. ఫ్రేము ఇంకా అక్కడే బోర్లా పడి ఉంది. గాజు పగిలి చెల్లాచెదురై ఉంది. ఫొటో లేదు, దాని వెనక ఉండాల్సిన అట్ట లేదు. రుమాలుతో పట్టుకుని ఫ్రేము వెనకవైపు చూసింది. నాలుగంచులా అంటించిన బ్రౌన్ టేపు కోసి ఉంది. చింపలేదు, స్కేలు పెట్టినట్టు తిన్నగా కోశారు.

"చించిన ఫొటో ముక్కలేవి?"

"కిటికీలోంచి పారేసి ఉంటుంది. వెతికిస్తున్నాను."

"ఒళ్ళు మండిన మనిషి టేపు ఇంత ముచ్చటగా కోస్తుందా? నాకు ఒళ్ళు మండితే ఫ్రేముతోపాటు నీ నెత్తి కూడా పగిలేది."

వెనక నిలబడ్డ కానిస్టేబులు నవ్వాపుకోలేక దగ్గాడు. ఇన్‌స్పెక్టర్ మొహం మాడింది. "మాస్టారే ముందు విప్పి ఉంటాడు."

"సరే, మాస్టారే విప్పాడనుకుందాం. ఇదిగో చూడు, అట్టను పట్టి ఉంచే సన్న మేకుల గుంటలు. అంచుకు రెండు చొప్పున ఎనిమిది. గుంటల్లో ఒక్క మేకు లేదు. మాస్టారి జేబులో ఏమేం దొరికాయి?"

"తాళాలు, కళ్ళద్దాలు, పెన్ను."

"మేకులు?"

"లేవు."

"పిల్ల దగ్గర?"

"లేవు. హత్య కేసులో మేకుల లెక్కేంటి మేడమ్!"

ఆవిడ పైకెక్కి, పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా మోకాళ్ళ మీద దిగింది. అరవై దగ్గరపడిన మోకాళ్ళు. ఒక్కో మెట్టును అరచేత్తో తడిమింది. గాజుపెంకులున్నాయి, దుమ్ముంది, ఎవరి కెమెరాదో మూత ఒకటుంది. మేకు మాత్రం లేదు. మెట్ల గోడల నిండా పిల్లలు తీసిన ఫొటోలు. అప్పటి చాకిరేవు, ఇప్పటి పెట్రోలు బంకు. అప్పటి బడి, ఇప్పటికీ అదే బడి, అదే పగిలిన కిటికీ. ప్రతి జతలోనూ పాతదీ కొత్తదీ ఒకదానికొకటి సరిపోయాయి. ఆఖరి చోటు ఖాళీగా ఉంది, కొక్కెం మాత్రం మిగిలింది.

ఆవిడ ఆ కొక్కెం కింద కూలబడి ఆలోచించింది. పక్కన మనిషి చచ్చిపడి ఉన్నాడు. ఏ క్షణాన్నైనా గార్డు రావచ్చు. అలాంటప్పుడు ఎవడో కూర్చుని, టేపు తిన్నగా కోసి, మేకులు ఒక్కొక్కటీ పీకి, ఒక్కటి కూడా నేల మీద వదలకుండా పట్టుకుపోయాడు. వాటితో ఎవడికీ పనిలేదు. దొంగైతే వదిలేస్తాడు, హంతకుడైతే అసలు చూడడు. అది తలతో చేసిన పని కాదు, చెయ్యి తనంతట తాను చేసిన పని. అలవాటు.

"ఇక్కడ ఫ్రేములు కట్టేదెవరు?" అంది.

ఇన్‌స్పెక్టర్ ఫోను మోగింది. తెర మీద చైర్మన్ పేరు చూసి నిటారుగా అయిపోయాడు. కానిస్టేబులే జవాబు చెప్పాడు. "ఆ పిల్ల వాళ్ళ నాన్నే అండీ. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే. వెనకే వాళ్ళ క్వార్టరు కూడా."

కూపీ మేడమ్‌కు ఒక్క క్షణం మోకాళ్ళ నొప్పి కూడా తెలియలేదు. ఇన్‌స్పెక్టర్ ఫోనులో "ఇప్పుడేనా సార్? సరే సార్, ఇప్పుడే," అంటూ గబగబా బయటికి నడిచాడు. ఎక్కడికని ఆవిడ అడగలేదు. అడగాల్సింది.

పనిగది మెట్ల వెనకే ఉంది. జిగురు వాసన, రంపపుపొట్టు. ఆయన పనిలో ఉన్నాడు. కూతురు లాకప్పులో, మాస్టారు శవాగారంలో, ఆయన మాత్రం రేపటి ప్రదర్శనకు ఫ్రేములు కడుతున్నాడు. యాభై దాటిన సన్నటి మనిషి. ఆవిణ్ణి చూసి లేచి, స్టూలు తుడిచి వేసి, మళ్ళీ పనికి వంగాడు.

"మీ ఆవిడ పొద్దున్నే నా దగ్గరికొచ్చింది. మీరు రాలేదేం?"

"పనుందమ్మా. చైర్మన్ గారు ఆగకూడదన్నారు."

"కూతురికన్నా పని ఎక్కువా?"

"పనిచేస్తుంటే చేతులు వణకవమ్మా." వంకరగా బిగిసిన ఒక ఫ్రేమును తిప్పి, చిన్న పట్టకారుతో మేకు పీకాడు. పీకిన మేకును ఎడమచేతి చొక్కా మడతలో గుచ్చాడు. ఇంకోటి పీకాడు, అదీ మడతలోనే గుచ్చాడు. మడతపెట్టిన చొక్కాచెయ్యి పొడవునా వరసగా మేకుల తలలు.

"ఎందుకలా గుచ్చుతారు? డబ్బాలో వెయ్యొచ్చుగా."

"డబ్బా ఎప్పుడూ చేతికందదు కదమ్మా. కింద పడితే చూడ్డానికొచ్చే పిల్లల కాళ్ళకు గుచ్చుకుంటాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లాడికి గుచ్చుకుంది. అప్పట్నుంచీ ఇదే అలవాటు."

"మంచి అలవాటే." ఆవిడ స్టూలు దగ్గరికి లాక్కుంది. "నిన్నటి చొక్కాయేనా ఇది?"

ఆయన పట్టకారు ఆగింది.

"ఇవాళ మీరు విప్పుతున్నవన్నీ కొత్త ఫ్రేములే. మేకులు తళతళలాడుతున్నాయి. మోచేతి దగ్గర గుచ్చినవి మాత్రం తుప్పు పట్టాయి. ఎన్నో నేను లెక్కపెట్టనా, మీరు పెడతారా?"

ఆయన చూసుకున్నాడు. నిజంగానే అప్పుడే చూసుకున్నాడు. రాత్రంతా ఆ చొక్కాతోనే కూర్చుని ఉంటాడు, మడత మీద చెయ్యి పెట్టిన పాపాన పోలేదు. తుప్పు మేకులను ఒక్కొక్కటే పీకి బల్ల మీద పెట్టాడు. ఎనిమిదోది పెట్టాక కూర్చోవడానికి చోటు వెతుక్కున్నట్టు చుట్టూ చూసి, నేల మీదే కూర్చున్నాడు.

"తొయ్యలేదమ్మా. లాక్కున్నాను. ఆయన ఫ్రేము ఒకవైపు పట్టుకున్నాడు, నేనొకవైపు. మెట్టు మీద నిలబడ్డాడు, నేను లాగి వదిలేసరికి పడిపోయాడు. దిగి చూస్తే మెడ వాలిపోయింది."

"ఉద్యోగం పోతుందనా? చైర్మన్ నాన్న పరువు మీకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"ఉద్యోగం కాదు." కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఆయన చించుకున్నాడు. "పన్నెండేళ్ళ కిందట ఆ ఫ్రేముకు చెద పట్టింది. మార్చమని నాకిచ్చారు. పాత అట్ట తీసేసరికి పైన మిల్లు బోర్డు కనిపించింది. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. ఈ గదిలోనే చూశానమ్మా, ఈ బల్ల మీదే. నా గేటు తీసే ఉందిరా అని మా నాన్న చెప్పిందంతా నిజమని నాకు అప్పుడు తెలిసింది. అంతదాకా నేను కూడా నమ్మలేదు."

"ఎవరికి చెప్పారు?"

"చైర్మన్ గారికి. ఎంత మంచివాడివయ్యా, ముందు నాకు చెప్పావు అన్నారు. వెనకున్న క్వార్టరు ఇచ్చారు. పిల్ల చదువు కమిటీ చూసుకుంటుందన్నారు. కొత్త అట్ట కోసి మళ్ళీ బోర్డు కప్పేశాను. ఫ్రేము కట్టినవాడు వెనక అట్ట లోపలివైపు తేదీ వేసి సంతకం పెట్టాలి, అది మా పని పద్ధతి. ఆ రోజు కూడా పెట్టాను. పద్ధతి ప్రకారం."

"మీ నాన్న అప్పటికి పోయాడా?"

తల అడ్డంగా ఊపాడు. "ఇంకా రెండేళ్ళున్నాడు."

"ఇంట్లోనే?"

"ఇంట్లోనే. ఈ వెనక క్వార్టర్లోనే. రాత్రిపూట అన్నం తింటూ, నా గేటు తీసే ఉందిరా అనేవాడు. నేను, తినండి నాన్నా చల్లారిపోతుంది అనేవాణ్ణి."

కూపీ మేడమ్ పాతికేళ్ళలో దొంగల్ని చూసింది, హంతకుల్ని చూసింది. ఎవరిమీదా ఇంత అసహ్యం వెయ్యలేదు. అసహ్యం వెంటే జాలి కూడా వచ్చింది. దాంతో ఆవిడకు తనమీదే కోపం వచ్చింది. జైల్లో పెట్టినవాళ్ళు పరాయివాళ్ళు. నమ్మకుండా అన్నం పెట్టినవాడు కొడుకు. నిజం తెలిశాక కూడా అన్నమే పెట్టాడు.

"నిన్న సాయంత్రం మాస్టారు పిలిచి, మీ నాన్న నిర్దోషి అయ్యా, రేపు అందరి ముందూ విప్పుదాం, నీ చేత్తోనే విప్పు అన్నాడమ్మా. కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నాడు. విప్పితే నా సంతకం, నా తేదీ బయటపడతాయి. మా అమ్మాయి లెక్కపెట్టుకుంటుంది. తాతయ్య బతికుండగానే నాన్నకు తెలుసు అని తెలిసిపోతుంది. అది తప్ప నాకు ఇంకేదీ తోచలేదు. ఫొటో, అట్ట రెండూ తీసుకుని చైర్మన్ గారింటికి పోయాను. ఆయన పొయ్యిలో వేశారు. నా ముందే."

"మీరు మేకులు పీకుతుంటే మీ అమ్మాయి చాటుగా చూసింది, మీరు వెళ్ళాకే మాస్టారి దగ్గరికొచ్చింది. తెలుసా?"

ఆయన తలెత్తాడు. ఆ మాట ఆయనకు కొత్త.

"మొదటి నుంచీ నోరు విప్పడం లేదు. నిజం చెబితే తండ్రి పోతాడు, చెప్పకపోతే తను పోతుంది. తననే ఎంచుకుంది. ఇంకా కాసేపు ఇక్కడే కూర్చుని మేకులు పీక్కుంటారా, లేస్తారా?"

చొక్కాచెయ్యి మడత విప్పుకుని, ఎనిమిది మేకుల్నీ కాగితంలో చుట్టుకుని ఆయన లేచాడు. పనిగదికి తాళం వేసి, తాళంచెవి ఆవిడ చేతికిచ్చాడు. దారంతా పరుగులాంటి నడక. ఒకచోట ఆయనకు కాలు మడతపడితే ఆవిడ రెక్క పట్టుకుని లేపింది. "చెప్తానమ్మా, అంతా చెప్తాను, మా నాన్న గేటు సంగతి కూడా చెప్తాను," అంటూనే ఉన్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఆవిడ నోటిదాకా వచ్చింది. కాలు కడుక్కోవడానికైనా బయల్దేరాడు కదా అని మింగేసింది.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ కుర్చీలో వెనక్కి వాలి టీ తాగుతున్నాడు. అంత తీరిగ్గా ఉండటం చూడగానే ఆవిడ వెనక గది వైపు చూసింది.

"పిల్ల ఏది?"

"మేజిస్ట్రేట్ గారు సాయంత్రం ఊళ్ళో ఉండరని తెలిసింది. కాస్త ముందే తీసుకెళ్ళి వచ్చేశాం. నేనే తోశానని ఆయన ముందు చెప్పేసింది, సంతకం పెట్టేసింది. మీరు అక్కడ మెట్లు తుడుస్తున్నారు కదా, డిస్టర్బ్ చెయ్యడమెందుకని చెప్పలేదు."

"నేను చంపానయ్యా!" తండ్రి కేకకు బయటి కానిస్టేబుళ్ళు కూడా లోపలికి వచ్చారు. కాగితం విప్పి మేకులు బల్ల మీద గుమ్మరించాడు. పన్నెండేళ్ళ కథంతా, బోర్డు, క్వార్టరు, పొయ్యి, ఒక్కటీ దాచకుండా చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ మధ్యలో అడ్డురాలేదు. అంతా అయ్యాక ఒక మేకును వేలితో దొర్లించాడు.

"ఫ్రేములు కట్టేవాడి దగ్గర మేకులుండక బంగారముంటుందా? ఫొటో ఏది?"

"కాల్చేశారు."

"ఎవరు? చైర్మన్ గారా? సాక్ష్యం?"

ఆయన బల్ల మీది మేకుల వైపు చూశాడు.

"కూతుర్ని కాపాడుకోవడానికి తండ్రి నేరం మీద వేసుకుంటున్నాడు. రాసుకుంటానండీ, కాగితానికేం కరువా? జడ్జిగారు కూడా చదివి కళ్ళు తుడుచుకుని పక్కన పెడతారు." మేకుల్ని కాగితంలోకి తోసి ఆవిడ వైపు జరిపాడు. "తీసుకెళ్ళండి మేడమ్. ఎవరికైనా గుచ్చుకుంటాయి."

"నీకు తెలుసు," అంది కూపీ మేడమ్. "ఈయన చెప్పింది నిజమని నీకు తెలుసు."

"నాకు తెలిసినవన్నీ రాస్తే నేను కూడా మీలాగా ఇంటికి బోర్డు తగిలించుకోవాలి."

వసారాలో బూట్ల చప్పుడైంది. పిల్లను జైలు వ్యాను ఎక్కించడానికి తీసుకెళుతున్నారు. తండ్రి తలుపు దగ్గర ఉన్నవాళ్ళను నెట్టుకుని పరుగెత్తాడు. ఆవిడ వెంటపడింది. ఆడ కానిస్టేబులు ఆపబోయి, ఆయన మొహం చూసి పక్కకు తప్పుకుంది.

"చెప్పేశానమ్మా! అంతా చెప్పేశాను. తాతయ్య గేటు తీసే ఉందని కూడా చెప్పాను. నువ్వెందుకు పెట్టావే సంతకం? నేను వస్తున్నాను కదా, కాసేపు ఆగితే నేనే వచ్చేవాణ్ణి కదా!"

పిల్ల వ్యాను మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగింది. తండ్రి చొక్కా వైపు చూసింది, మడత విప్పిన చెయ్యి చూసింది. ఏడవలేదు. కోపం కూడా లేదు. అదే కూపీ మేడమ్ భరించలేకపోయింది.

"నువ్వు మాట్లాడతావని నేను అనుకోలేదు నాన్నా," అంది. "అందుకే పెట్టేశాను."